తవుడిచ్చి కవలలను కొన్న మా డాక్టరు గారు

"కొట్టకురా నాయనా, అది చూడిది! నేను దిగి నడుస్తాను."

1938వ సంవత్సరం జూలై పదకొండవ తేదీ ఉదయం, శ్రీకాకుళంలోని మన స్త్రీల ఆసుపత్రి ప్రహరీగోడ అవతల నుంచి మొదట వినవచ్చినది ఈ కంఠస్వరం. జట్కా కనిపించినది తరువాత. ఆ జట్కాకు ముందుగా, తన పెట్టెను తానే చేతబట్టుకొని, తొలకరి బురదలో నడచివస్తున్న పాతికేళ్ళ వైద్యురాలు కనిపించినది ఆ పిదప. గుర్రం కడుపుతో ఉన్న సంగతి దానిని తోలే మనిషికే తెలియదట. ఆనాటి నుంచి నేటివరకు ఇక్కడే పనిచేస్తున్న ఆయా లక్ష్మణమ్మ గారు ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారీ, "మన ఊర్లో ఈవిడికి మొదటి రోగి ఆ గుర్రమే" అని నవ్వుతారు.

ఆ విధంగా ఉద్యోగంలో ప్రవేశించిన మన ముఖ్య వైద్యాధికారిణి డాక్టర్ పొట్నూరు తాయారమ్మ గారు 1968 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. మన ఆసుపత్రి పత్రిక ఈ సంచికలో వారిని గురించి నాలుగు మాటలు వ్రాయవలసిన భాగ్యం మా ఆసుపత్రి సిబ్బందికి లభించినది.

విజయనగరంలో ధాన్యం వర్తకం చేసే కుటుంబంలో వారు జన్మించారు. పంట చేనుమీద ఉండగానే కంకిని చూసి ధర కట్టగలిగిన తండ్రిగారి వద్ద చూపును, మదరాసు వైద్య విద్యాలయంలో శాస్త్రాన్ని వారు నేర్చుకున్నారు. ఉద్యోగపు తొలినాళ్ళలో వంశధార ఇసుకమీద ఎడ్లబండిలో ప్రయాణించి, శ్రీముఖలింగం పరిసరాల పల్లెలలో, కిరసనాయిలు దీపపు వెలుగులో ఎన్నో పురుళ్ళు పోశారు. ఆసుపత్రి అంటే చావుకు పోయే చోటని భయపడే స్త్రీలు క్రమక్రమంగా ఈ గుమ్మం తొక్కడానికి వారి పాదధూళియే బాట వేసినదని చెప్పడం అతిశయోక్తి కానేరదు.

1944లో విజయనగరానికి బదిలీ అయి, ఎనిమిది సంవత్సరాలు అచ్చట సేవచేసి, 1952లో మరల మన వద్దకు ముఖ్య వైద్యాధికారిణిగా వచ్చారు. వచ్చిన వారమే ఒక నియమం విధించారు. గర్భిణి ఏ బాధ చెప్పుకొని వచ్చినా, ఏ బాధా లేదని చెప్పినా, ముందుగా ఆమె మూత్రాన్ని నీలి ద్రావకంలో కలిపి స్పిరిటు దీపంమీద కాచి చూడవలసినదే. రంగు నీలంగా నిలిస్తే నిశ్చింత. ఆకుపచ్చకు, పసుపుకు, చివరకు ఇటుకరంగుకు తిరిగినకొద్దీ ఒంటిలో చక్కెర హెచ్చినదన్న శంక. విజయనగరంలో ఉండగా, బొద్దుగా ముద్దుగా ఉండి కూడా ఊపిరి లేకుండా పుట్టిన శిశువులను చూసి చూసి, వారు ఈ నియమానికి వచ్చారు. పనిభారమని మొదట గొణిగిన మేమే, కొన్నాళ్ళకు ఆ గాజుగొట్టంలో నీలిరంగు నిలిచిన ప్రతిసారీ మనసులో దండం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాం.

వారి వైదుష్యాన్ని ఎందరో కొనియాడగలరు. వారి హృదయాన్ని తెలియజేయడానికి మాత్రం మాకు నిరుటి ముచ్చట ఒక్కటే చాలు.

భాద్రపదమాసంలో కోటబొమ్మాళి సమీపం నుంచి జగ్గమ్మ అనే రైతు కోడలు, ఎనిమిదవ నెల కడుపుతో, అత్తగారు అసిరమ్మను వెంటబెట్టుకొని వచ్చినది. కడుపులో కవలలు. అంతకుముందు కన్న ఇద్దరిలో ఒక బిడ్డ ఏడవకుండానే పోయినది. రెండవ బిడ్డ పుట్టిన పూటే పోయినది. గాజుగొట్టం ఇటుకరంగుకు తిరిగినది. రక్తపరీక్ష ఆ శంకను ధ్రువపరచినది. డాక్టరు గారు ఆమెను వార్డులో చేర్చుకొని, విశాఖపట్నం నుంచి మంచుపెట్టెలో ఇన్సులిన్ తెప్పించి, కొలిచిన అన్నం, ఆకుకూర, పెసరపప్పు, చేప, మజ్జిగ తప్ప మరేమీ పెట్టరాదని శాసించారు.

జగ్గమ్మ అడిగినది ఒక్క మాట. "ఈ పాలి కానుపుకైనా ఏడుపు ఇనబడతాదా అమ్మా?"

డాక్టరు గారు ఆమె తలమీద చేయివేసి వెళ్ళిపోయారు. లేని మాట ఇచ్చే స్వభావం వారిది కాదు.

సూది మందు పడుతున్నా, పథ్యం నడుస్తున్నా, గొట్టంలో రంగు మాత్రం దిగిరాలేదు. మందు మోతాదు పెంచారు. అయినా ఇటుకరంగే. ఒకనాటి ఉదయం వార్డు చుట్టి వస్తూ డాక్టరు గారు హఠాత్తుగా ఆగారు. గోడవారగా ఒక చీమలబారు, ఏ తొందరా లేకుండా, జగ్గమ్మ మంచం కిందికి నడిచి వెళ్తున్నది. వారు వంగి, ఆ బారు వెంటనే చూపు సాగించి, పాతచీర మడతల నడుమ నుంచి ఒక మూటను బయటకు తీశారు. విప్పితే చలిమిడి! కడుపు చలవ కోసమని పుట్టింటివారు ఆనవాయితీగా పంపే బెల్లపు చలిమిడి, కవలలు కదా అని రెండింతలుగా.

వార్డులోని వారంతా తలలు తిప్పి చూశారు. అసిరమ్మ మాత్రం తగ్గలేదు.

"నానే పెట్టినాను డాట్రమ్మా! ఇద్దర్ని మోస్తన్నాది. ఒక్కరి కూడు ఇద్దరికేటి సరిపోతాది? మీరు పెట్టే గుప్పెడు మెతుకులు సూస్తే మా ఇంట పిట్ట కూడా నవ్వుతాది!"

"అసిరమ్మా, కడుపుతో ఉన్నప్పుడు కొందరి ఒంట్లో తీపి అరగదు. ఇద్దరుంటే బిడ్డల మాయ పెద్దది, తీపిని అరిగించడం ఒంటికి మరీ బరువు. మిగిలిన తీపి తల్లి రక్తంలోంచి బిడ్డలకెళ్తాది. పైకి బొద్దుగా కనిపిస్తారు, లోపల సత్తువ ఉండదు. నీ ముందరి మనవలు అలాగే పోయారని నా అనుమానం."

"కాదు! కొనేవోల్లు లేక పోనారు!" అన్నది అసిరమ్మ. "తవుడిచ్చి కొనమని ఊరంతా తిరిగినాను. ఒక్కరూ సెయ్యి సాచలేదు. అమ్మేసిన బిడ్డయితే సావు కూడా మనది కాదనుకొని ఒగ్గేస్తాది కదమ్మా!"

బిడ్డలు దక్కని ఇళ్ళలో పుట్టిన శిశువును చేటలో పెట్టి, తవుడు పుచ్చుకొని ఒక పెద్దముత్తైదువకు అమ్మడం, ఆ కొన్నవారే తొలిసారిగా పేరు పెట్టి పిలవడం మన ప్రాంతపు ఆచారమే. అటువంటి వాటిని గూర్చి డాక్టరు గారి అభిప్రాయం ఎంత కటువైనదో ఎరిగిన మేము, రాబోయే ఉరుము కోసం తలలు వంచుకున్నాం.

వారు చలిమిడి మూటను, జగ్గమ్మ ముఖాన్ని, మార్చి మార్చి చూశారు.

"నేను కొంటాను," అన్నారు. "ఇప్పుడే."

"ఇప్పుడేటమ్మా? కడుపులో ఉండగా బేరమేటి?"

"నేను వర్తకుల ఇంటి ఆడపడుచుని అసిరమ్మా. పంట చేనుమీద ఉండగానే కొనడం మాకు అలవాటే. బేరం కుదిరిందా లేదా, అది చెప్పు."

"కు... కుదిరినాది."

"అయితే ఇద్దరూ నా సొత్తు. నా పిల్లలకి నన్నడక్కుండా బెల్లం పెట్టడానికి నువ్వెవరు?"

పక్క మంచంమీది బాలింత కిసుక్కున నవ్వినది. అసిరమ్మ కోడలివైపు తిరిగి, "ఇన్నావా ఒసే? పరాయోల్ల పిల్లలంట! ముట్టుకున్నావా, సెయ్యిరగ్గొట్టేస్తాను!" అన్నది.

అది మొదలు ఆ వార్డుకు అసిరమ్మను మించిన కాపలా లేదు. మినపసున్నుండలు పట్టుకొని వచ్చిన సొంత వియ్యపురాలినే గుమ్మంలో నిలేసి, "ఎల్లెల్లు! ఆసామీ ఒప్పుకోదు" అని వెనక్కు పంపినది. జగ్గమ్మ భర్త గంగులు తెచ్చిన అరటిపండ్లకూ అదే మర్యాద దక్కినది. గాజుగొట్టంలో ఇటుకరంగు పసుపుకు, పసుపు లేత ఆకుపచ్చకు దిగివచ్చినది.

ఆశ్వయుజం చివర ఒక మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. మూసిన తలుపు ముందు అసిరమ్మ, గంగులు, పని మానుకొని మేము. లోపలి నుంచి ముందుగా ఒక ఏడుపు వినవచ్చినది. అసిరమ్మ తలుపుకు చెవి ఆనించినది. ఆ పిదప ఏ శబ్దమూ లేదు. రెండవ బిడ్డ పుట్టినదని లక్ష్మణమ్మ గారి అడుగుల చప్పుడును బట్టి తెలుస్తూనే ఉన్నది, కాని ఏడుపు లేదు. గంగులు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. అంతలో, చిన్న పిల్లిపిల్ల కూతవంటి ఒక సన్నని ధ్వని, తడబడి, నిలదొక్కుకొని, చివరకు అన్నగారి ఏడుపును మించి లేచినది.

రక్తంలో చక్కెర పడిపోకుండా పుట్టిన వెంటనే ఇద్దరికీ చెంచాతో పాలు పట్టించిన తరువాతనే, డాక్టరు గారు వెలుపలికి వచ్చారు. వారి చేతిలో విజయనగరంలోని తమ పుట్టింటి మిల్లు నుంచి ముందే తెప్పించి ఉంచిన తవుడు చేట! తెల్లకోటు నిండా పొట్టు రాలుతుండగా, ఎంతో గంభీరంగా, దానిని అసిరమ్మ ఒడిలో పోశారు. నవ్వవలసిన వేళ అది. ఎందుకో అందరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"పేరెట్టి పిలు తల్లీ," అన్నది అసిరమ్మ.

"ఇప్పుడే కాదు. ముద్ద ముట్టే రోజున పిలుస్తాను. అప్పటిదాకా నెలనెలా తెచ్చి చూపించాలి."

కొన్నవారు పిలిచేవరకు ఇతరులు బిడ్డను పేరుతో పిలవరాదు. ఆ ఒక్క పిలుపు కోసం ఆ కుటుంబం ప్రతి నెలా రైలెక్కి వచ్చినది. పిల్లల బరువు పెరిగినది. జగ్గమ్మ గొట్టంలో రంగు పురుటి తరువాత నీలంగా నిలిచినది. మరల కడుపు పండితే తొలినాటి నుంచే రావాలని, పండకపోయినా ఏటేటా పరీక్ష మానరాదని, డాక్టరు గారు హెచ్చరిస్తూనే ఉన్నారు.

మొన్న చైత్రమాసంలో ఆసుపత్రి వరండాలోనే ఆ పిల్లలకు అన్నప్రాశన జరిగినది. ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసిన మేము, ఈ వీడ్కోలు వేళ డాక్టరు గారికి వేరే దీవెనలు వెదకబోము. ఆ కవలలకు వారేమి కోరారో, మేమూ వారికి అదే కోరుతున్నాం: ఒంటికి సత్తువ, కంటికి నిద్ర, నిండు నూరేళ్ళ ఆయువు, పిలిస్తే పలికే మనుషులు చుట్టూ ఉండే ఇల్లు.

ఆనాడు మగబిడ్డను ఎత్తుకొని "తవిటినాయుడూ!" అని వారు చటుక్కున పిలిచేశారు. ఆడబిడ్డను అందుకున్నప్పుడు మాత్రం, ఆలస్యంగా ఏడ్చిన ఆ గొంతు జ్ఞాపకం వచ్చినదో ఏమో, ఆ చిన్న ముఖాన్నే చూస్తూ ఉండిపోయారు. పిల్ల వారి కళ్ళజోడు పట్టుకొని లాగుతున్నది. జగ్గమ్మ చేతులు జోడించి నిలబడినది. "పిలు తల్లీ, నీ పిల్లే కదా," అన్నది అసిరమ్మ, మెల్లగా.

అప్పుడు, ముప్పది ఏళ్ళ కిందట గోడ అవతల నుంచి వినవచ్చిన ఆ కంఠమే, వరండా అంతా నిండేటట్లు పలికినది:

"తవిటమ్మా!"