సమురాయ్ గారు

అది కాదు రాజశ్రీ గారూ, ఉన్నట్టుండి సోమవారం నుంచి నవీనని స్కూలు నుంచి తీసుకురాలేనని ఫోన్లో మెసేజ్ పెట్టేస్తే నేనేమైపోవాలి చెప్పండి? నన్ను ఆస్పత్రిలో డ్యూటీ నుంచి అయిదింటికి గాని వదలరు. పదేళ్ళ పిల్లని ఒంటరిగా ఇంట్లో ఉంచితే ఈ దేశంలో ఊరుకుంటారా? ఈ పరాయి దేశంలో, ఈ రోటోటూనా పేటలో మీరు కాక నాకెవరున్నారు?

అందుకే, రమ్మనకపోయినా లోపలికి వచ్చేశాను. కాఫీ వద్దులెండి. ఇస్తానని మీరు అనలేదనుకోండి.

తప్పంతా ఆ బొమ్మల పుస్తకానిది. నవీన లైబ్రరీ నుంచి తెచ్చుకుంది. అన్నీ కత్తులే. నాకు భయం కదా, ముందు ప్రతి పేజీ నేను తిరగేశాను. చదివాక కథ తెలుగులో చెప్పాలని షరతు పెట్టాను. భాష పోకూడదని. శనివారం మీరిద్దరూ భోజనానికొస్తే మీ ముందు చెప్పమన్నాను. గొప్పకేలెండి, కాదనను.

ఎంత చక్కగా చెప్పిందో మీరూ విన్నారుగా. ఊరూరా తిరిగే సమురాయ్ ఆకలితో ఓ సత్రానికొస్తాడు. సత్రం యజమాని కడుపునిండా అన్నం పెట్టి, కొండవతల దొంగ నా ధాన్యమంతా దోచుకుపోయాడని ఏడుస్తాడు. ఈ పిచ్చిమారాజు వెళ్ళి ఆ మనిషిని చితకబాది, బస్తాలు మోసుకొచ్చి ఇచ్చి తన దారిన పోతాడు. తీరా చూస్తే ఆ ధాన్యం, పాపం, దెబ్బలు తిన్నవాడిదే. అది తెలిసి వెనక్కి పరిగెత్తేసరికి సత్రం ఖాళీ.

అక్కడితో చప్పట్లు కొట్టేస్తే పోయేది. మీవారు జనార్ధనరావు గారు ఊరుకోరే. వాడు మోసగాడని సమురాయ్‌కి ఎలా తెలుస్తుందమ్మా అని అడిగారు.

"నాకు ముందే తెలుసు అంకుల్. 'సమురాయ్ గారూ, రండి, భోంచేసి వెళ్ళండి' అన్నాడు కదా. గారు అంటే మోసం."

పుస్తకంలో ఉన్నది 'సాన్' అట. జపాన్ వాళ్ళు గౌరవంగా పేరు చివర తగిలిస్తారట. దాన్ని తెలుగులో గారు అనాలని నేర్పింది నేనే. నా నోటితో నేనే నేర్పాను.

అక్కడైనా ఆగిందా?

"అమ్మ ఫోన్లో 'జనార్ధనరావు గారూ, తప్పకుండా రండి' అంటుంది. పెట్టేశాక నాన్నతో 'వస్తున్నాడట, ఇంకో రెండు గ్లాసులు బియ్యం పొయ్యి' అంటుంది."

బియ్యం సంగతి నిజమే. మనిషి తృప్తిగా తినాలనే కదా ఎక్కువ పోయమన్నది? 'వాడు' అని మాత్రం ఏనాడూ అనలేదండి. 'వస్తున్నాడు' అన్నాను, అంతే. మా వైపు ఇళ్ళల్లో అలాగే అంటాం.

మీరు వెళ్ళాక దాన్ని కూర్చోబెట్టి చెప్పాను, గారు అంటే గౌరవమే, మోసం కాదు అని. మరి నన్నెప్పుడూ గారు అనవేం అంది. నువ్వు నా సొంత పిల్లవి కదే, నీకెందుకు అన్నాను. "అదే కదా నేను చెప్పింది" అని మళ్ళీ పుస్తకంలో తల దూర్చేసింది. ఏం చెప్పమంటారు దానికి?

సరే, ఒక పని చేద్దాం. ఇవాళ్టి నుంచి మన మధ్య ఆ మాటే వద్దు. సొంత అక్కలా, నోరారా, ఉత్త రాజశ్రీ అనే పిలుస్తాను.

ఏమిటా చూపు?

ఓహో. గారు ఉండాల్సిందేనా?

ఉండనివ్వండి, నాకేం పోయింది. సోమవారం బడి వదిలే వేళకి మీ కారు గేటు దగ్గరుంటే చాలు, రాజశ్రీ గారూ.