గాజుపెట్టెలో పాచి

చేపకి మేత ఎక్కువ వెయ్యట్లేదంటే నమ్మవేం? పొద్దున ఓ చిటికెడు, అంతే. నీ ముందు వేసి చూపించమంటావా? ఆడపడుచువి అయితే అయ్యావు గానీ, మరీ పోలీసులా నడుం మీద చేతులేసుకుని అడగాలా?

ముందు ఆ సంచి కింద పెట్టు. కూర్చో. రెండు బస్సులు మారి వచ్చావు, మంచినీళ్లైనా ముట్టకుండా తిన్నగా ఆ గాజుపెట్టె దగ్గరికే పోయావు. వదిన ఎలా ఉందో చూడవు, వదిన ఇంట్లో పాచి ఎలా ఉందో చూస్తావు!

సరేలే, పిలిచింది అందుకేగా. చూడు మరి. రాళ్లన్నీ పచ్చటి జుట్టు పెంచుకుని కూర్చున్నాయి. మొన్నటిదాకా గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉండేవి.

పగడం కనిపించిందా? అటు కాదు, ఎడం పక్క పెద్ద రాయి మీద. ఆఁ, అదే. మీ అన్నయ్య గోరంత ముక్క తెచ్చి రాయికి అంటించారు. ఎంత పెరిగిందో నీకూ తెలుసు, పిడికెడయింది. సాయంత్రమయ్యేసరికి చిన్న చిన్న చేతులన్నీ బయటపెట్టి ఆడించేది. ఇప్పుడు చూడు, ముడుచుకుపోయింది. సగం పాచి కిందే ఉంది. ఊపిరాడుతోందో లేదో.

దాన్ని మొక్క అంటే మీ అన్నయ్యకి ఎంత కోపమొచ్చేదో! మొక్క కాదే, జంతువు, ప్రాణం ఉంది అనేవారు. మొక్కకి మాత్రం ప్రాణం ఉండదా అని నేను. ఆ గొడవ తేలకుండానే పోయారు మనిషి.

ఏంటీ, నీళ్లా? అబ్బే, కుళాయి నీళ్లు పొయ్యలేదమ్మా. ఫిల్టరు నీళ్లే, ఆ ఉప్పే, ఆయన కలిపినట్టే కలిపాను. వేలు ముంచి నాకి చూశాను కూడా. నవ్వకు. పప్పులో ఉప్పు చూసిన దాన్ని, సముద్రంలో చూడలేనా?

నత్తలా? ఉన్నాయి, ఎందుకు లేవు? పాచి తింటాయని కొట్టువాడు తెగ చెప్పి అంటగట్టాడు. ఒకటి వెల్లకిలా పడి లేవలేక కాళ్లు కొట్టుకుంటోంది... నత్తకి కాళ్లుండవా? అయితే ఏదో కొట్టుకుంటోంది. రోజూ దాన్ని తిరగెయ్యడమే నాకు పని. ఇక మన అల్లుడుగారున్నారుగా, ఆ నారింజరంగు చారల చేప, ఆయనకి అలాంటి పేరే పెట్టాలని నువ్వేగా అన్నావు! తినడం, అలగడం, మూల రాయి చాటున కూర్చోవడం. పాచి వైపు కన్నెత్తి చూడడు.

టైమరా? లైటు టైమరు... అది పాడైపోయిందే. ఎప్పుడో ఆగిపోయింది. నేనే చేత్తో వేస్తున్నా, చేత్తో తీస్తున్నా. ఆ... టైముకే తీస్తున్నాలే. ఎందుకలా చూస్తావు?

బ్రష్షు తెచ్చావా? ఆ సంచిలో ఏంటది, మీ క్లినిక్కులో పళ్లు గీకేదా? ఛీ, ఒకరి నోట్లో పెట్టింది కాదు కదా? కొత్తదేనా? ఒట్టు? రోజంతా అందరి పళ్ల మీదా పాచి గీకుతావు, ఆదివారం వచ్చి మా రాళ్ల మీద గీకుతావు. నీ జాతకంలోనే పాచి రాసిపెట్టి ఉంది మరదలా!

ఉండు, బకెట్ నేను పట్టుకుంటా. ముందు పెట్టెలో నీళ్లు ఇందులోకి తోడాలి, రాయిని ఆ నీళ్లలోనే కడగాలి, మంచినీళ్లు తగిలితే పగడం చచ్చిపోతుంది. చూశావా, నాకూ తెలుసు. ఇన్నేళ్లు ఆయన పక్కన టవలు పట్టుకుని నిలబడ్డది ఊరికేనా?

మెల్లగా. అంచు పట్టుకో, పగడాన్ని తాకకు. ఆఁ, వచ్చింది.

ఇలా ఇవ్వు, నేను తీస్తా. నువ్వు గీకితే ముక్కలు ముక్కలై మళ్లీ నీళ్లలోకే పోతుంది. ఇదిగో, బ్రష్షుకి ఇలా చుట్టాలి, కుట్టుమిషను బాబిన్‌కి దారం చుట్టినట్టు. చుట్టి, చుట్టి, ఒక్క లాగు. చూశావా, వేర్లతో సహా వచ్చింది! చిక్కుపడ్డ దారంతో బతికే దాన్ని, నాకు నేర్పకు.

పోయినసారి ఇలాగే కూర్చున్నాం గుర్తుందా? ఆయన పోయిన కొత్తలో. ఆ రోజుల్లో ఈ పెట్టెని ఎవరు పట్టించుకున్నారు, పాచి దాని దారిన అది పెరిగింది. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చేదానివి. ఇక్కడే, ఈ నేల మీద పాత చీర పరుచుకుని, నువ్వో రాయి, నేనో రాయి. ఒకరోజు నువ్వు బకెట్‌లో జారి కూర్చున్నావు. ఎంత నవ్వామే! కింద వాటా ఆవిడ ఏమైందోనని పైకి పరిగెత్తుకొచ్చింది. చావు జరిగిన ఇంట్లో ఆ నవ్వులేంటని అనుకునే ఉంటుంది. అనుకోనీ.

నువ్వు నవ్వితే అచ్చం ఆయనే. చివర్లో ఆ ఎక్కిళ్లు కూడా. ఎప్పుడూ చెప్పలేదు కదూ నీకు? చెప్తే నవ్వడం మానేస్తావేమోనని చెప్పలేదు.

తర్వాత పెట్టె శుభ్రపడింది. అద్దంలా అయింది. నీకూ పనులు పడ్డాయి, ఆదివారం డ్యూటీలు, పిల్లకి పరీక్షలు, మీ ఆయనకి నడుం నొప్పి. తప్పు పట్టడం లేదే! ఎవరి సంసారం వాళ్లది. మాటవరసకి అన్నాను.

ఫోను చేశావు, చెయ్యలేదనను. బాగున్నావా వదినా, బాగున్నాను, చేప బాగుందా, బాగుంది. అంతటితో అయిపోయేది. బాగున్నవాళ్లతో ఎంతసేపని మాట్లాడతారు?

కత్తెర కావాలా? ఆ బల్ల మీద ఉంటుంది చూడు. లేదా? కుట్టుమిషను మీద... ఆ సొరుగు కాదు! ఆ సొరుగు తియ్యకు, అందులో అన్నీ సూదులు, గుచ్చుకుంటాయ్. చెప్తుంటే వినవేం! నేనిస్తాను ఉండవే...

తీశావా.

ఆఁ. టైమరే.

తిప్పకు. తిప్పితే... సరే, ఇంకేముంది. టిక్కుటిక్కుమంటోంది. మీ అన్నయ్య కొన్న వస్తువు, అంత తేలిగ్గా పాడవుతుందా? ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసిన మనిషి. మనుషులకి ఆలస్యమైనా పర్లేదు గానీ చేపలకి లైటు టైముకి ఆరాలనేవారు. భోజనం మధ్యలో లేచి వెళ్లి అది సరిగ్గా తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినేవారు.

అలా చూడకు నన్ను. చెప్తాను. ఆ బ్రష్షు ఇలా ఇవ్వు, చేతిలో ఏదో ఒకటి ఉంటే చెప్పగలను.

బట్టల కొట్టు వెనక గదిలో కూర్చుని రోజంతా ఎవరెవరివో ప్యాంట్ల కాళ్లు మడిచి కుడతాను. ఎవరి ముఖమూ కనబడదు, కాళ్ల పొడుగు మాత్రం తెలుస్తుంది. ముగించుకుని వస్తానా, మన వీధి మలుపు తిరగ్గానే అన్ని కిటికీల్లో దీపాలుంటాయి. మనది ఒక్కటే చీకటి. నేను వచ్చేసరికి ఈ టైమరు లైటు తీసేసేది. తాళం తీసుకుని, గోడ తడుముకుంటూ స్విచ్చు వెతుక్కోవాలి. సొంత ఇంట్లో దొంగలా.

ట్యూబులైటు వేసి వెళ్లొచ్చుగా అంటావు. వేశాను, అదీ చేశాను. తలుపు తీస్తే ఖాళీ ఇల్లు ఇంకా బాగా కనబడింది. ఈ పెట్టెలో అయితే ఏదో ఒకటి కదులుతుంటుంది. మెట్లెక్కుతుంటేనే తలుపు కింద నీలంగా వెలుగు. లోపల ఎవరో ఉన్నట్టు. నేను రాగానే అల్లుడు అద్దం దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. మేత కోసమేలే, తెలుసు. అయినా వస్తాడుగా.

అందుకని టైమరు పీకేశాను. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా లైటు వెలుగుతూనే ఉంటుంది.

ఏంటి? లైటు అంతసేపు ఉంటే పాచి పడుతుందని తెలీదా అంటావా?

తెలుసు.

ఎందుకు తెలీదే? ఆయన నా చెవిలో జోరీగలా చెప్పిందే అది. పగడానికి కావలసినంత వెలుగు చాలు, ఆపైన ఉన్నదంతా పాచి సొమ్ము అనేవారు. రాళ్ల మీద మొదటి పచ్చ చుక్క కనబడ్డప్పుడే గీకేస్తే పోయేది. గోటితో పోయేది. చూస్తూ కూర్చున్నాను.

చూస్తూ కూర్చున్నాను అంటే... అర్థం కాలేదా? పాచి వస్తే నువ్వొస్తావని కూర్చున్నాను.

అదిగో, చెప్పేశాను. చాలా?

తిట్టు. తిట్టవే. పిడికెడు పగడం, మీ అన్నయ్య పసిపిల్లలా పెంచింది, దాని పీక మీద పాచి ఎక్కుతుంటే రోజూ దాని ముందే కూర్చుని అన్నం తిన్నాను. ఇవాళ కాస్త, రేపు ఇంకాస్త, ఇంకొంచెం పడితే ఫోను చెయ్యొచ్చు అనుకుంటూ. కాస్త పాచికి ఎవరొస్తారు? రెండు బస్సులు మారి రావాలంటే గట్టిగా పట్టాలి కదా. నాకు ఒంట్లో బాగాలేదని ఫోను చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లు వదినా అంటావు. పెట్టెలో బాగాలేదంటే వస్తావు.

ఏడుస్తున్నావా? ఉప్పునీళ్లు కంట్లో పడ్డాయా? సరే, అలాగే అనుకుందాం. తుడుచుకో, ఇదిగో టవలు. చేత్తో రుద్దకు, పాచి చెయ్యి.

పద, రాయి లోపల పెట్టేద్దాం. బయట ఎక్కువసేపు ఉండకూడదు. ఇంకా కొంచెం ఇటు. ఆయన పెట్టినట్టే ఉండాలి, వెలుగు దాని నడినెత్తి మీద పడాలి. ఆఁ. చూడు, చూడు! ఆ అంచున ఒకటి బయటికొచ్చింది, వేలి కొనంత. లేదా? నాకు కనబడిందే. నా కళ్లజోడు మార్చాలేమో. పోనీలే, బతికే ఉంది. బతికుంటే చేతులు అదే తీస్తుంది.

టైమరు పెట్టెయ్. నువ్వే పెట్టు, నాకు చేతులు రావు. ముల్లు ఆయన గుర్తు పెట్టిన దగ్గరే ఉంచు, ఆ ఎర్ర గీత దగ్గర.

ఇదిగో, టక్కుమని ఆరిపోయింది. దానికి టైమైపోయిందట. ఇంకా బయట వెలుతురుంది కదా, అయినా ఎంత చీకటి పడ్డట్టుందో చూడు ఇల్లు.

వెళ్తావా? వెళ్లు, మళ్లీ బస్సులు దొరకవు. మీ ఆయన్ని అడిగానని చెప్పు. ఆ పళ్లు గీకేది మర్చిపోతున్నావు, తీసుకెళ్లు. ఇక్కడ ఉంచి ఏం చెయ్యను, ఇక గీకడానికి ఏముంటుంది?

వచ్చే ఆదివారం వస్తానంటావా? అను, అను. కానీ ముందే చెప్తున్నా, లైటు టైముకి ఆరుతుంది, మేత చిటికెడే వేస్తాను, రాళ్లు గుండులా ఉంటాయి. పాచి ఉండదే. ఊరికే రావాలి.

ఊరికే ఎవరొస్తారులే.