బిషప్పులకు మార్తక్క చెప్పిన మాట

"తాతా, దేశంల ఉన్న బిషప్పుల సమాఖ్య కాడి నుంచి ఈ కాయితం వచ్చింది. గూడేలల్ల జనం ఏమనుకుంటున్నరో అడిగి రాసి పంపమన్నరు. నువ్వు నా లెక్క ఉపదేశిగ ఉన్నప్పుడు గూడ ఇట్లాంటిదే ఒకటి వచ్చిందట గదా, ఎట్ల రాసినవ్?"

కూసో బిడ్డా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది, మంచం మీద కూసో. అవ్, వచ్చింది. ఎట్ల రాసిన్నంటే... సిగ్గుమాలిన పని చేసిన. నీకు ఎన్నాళ్ల సంది చెప్దామనుకుంటున్న, నోరు రాలే. మీ నాయనమ్మ మార్తక్క ముచ్చట గూడ అండ్లనే ఉన్నది.

ముందుగాల సమాఖ్య అంటే ఏందో తెల్సుకో. వేంసూరుల మా తమ్ముడు శౌరి ఉన్నడు గదా, వాడనేటోడు, బిషప్పులందరి మీద ఒక పెద్ద బిషప్పు ఉంటడు, ఆయన ఆర్డరేస్తే అందరు వినాలె అని. వానికేం తెల్వది, తెల్వదని గూడ తెల్వది. ఏ బిషప్పు పీఠం ఆ బిషప్పుదే. అన్నదమ్ములు యేరుపడ్డంక గూడ ఇంట్ల పెండ్లంటే ఒక్క తాన కూసొని మాట్లాడుకుంటరు చూడు, గట్ల కూసునుడే సమాఖ్య. బీదోళ్ల గురించి, బళ్ల గురించి, చర్చిల పూజ ఏ భాషల చెప్పాలె, ఏ పద్ధతి ఉండాలె, గివన్ని మాట్లాడుకుంటరు. మరి ఆడ కూసున్నోళ్లకు మన అడివి సంగతి ఎట్ల తెలుస్తది? అందుకే ఈ కాయితాలు.

నేను ఉపదేశిగ చేరినప్పుడు ఫాదర్ నెలకొక్కపారి వచ్చెటోడు. జపాలు చెప్పుడు, బాప్టిజానికి తయారు చేసుడు, సావుకు పోవుడు, తొమ్మిది గూడేలకు అంతా నేనే. నలభై రూపాయల జీతం, ఒక సైకిలు. ఆ సైకిలు గూడ తల్లాడల మా మామ వాడి పారేసిందే, బ్రేకు ఒక్క దిక్కే పడేది. గని నేను చెప్పిందే మాట. గా పెద్దరికం నెత్తికెక్కింది, ఇంకేందుంది.

మీ గూడెంల చిక్కుడుకాయ కొత్త పండుగ చేసేదాక ఎవ్వరు కాయ నోట్ల పెట్టరు, నీకు తెల్సిందే గదా. పందిరి విరగ్గాసినా ఆగాలె. ముందు వేల్పుకు చూపెట్టి, తర్వాత గూడెమంతా కలిసి వండుకొని తినాలె. మార్తక్క బాప్టిజం తీసుకున్నంక గూడ ఓ యేడు పోయి అన్నదమ్ములతోని కలిసి తిన్నది. ఆ ఆదివారం నేను ఆమెను చర్చిల అందరి ముంగట లేపి నిలబెట్టిన. "వేల్పుకు పెట్టిన కూర తిన్న నోటితోని సత్ప్రసాదం ఎట్ల తీసుకుంటవ్?" అని అడిగిన.

ఫాదర్ అనలే బిడ్డా ఆ మాట. ఆయనకు తెల్వది గూడ. నేనే అన్న. ఆమె నడిచి బయటికి పోయింది. ఆ దినం నుంచి ఆరేండ్లు, ప్రతి ఆదివారం వచ్చేది, గడప బయట కూసునేది, పూజ అయ్యేదాక విని పోయేది. లోపలికి రాలే. మీ నాయన చెప్పలేదా నీకు? చెప్పడు, మంచోడు. నేను చెప్పులు ఆమె పక్కన్నే ఇడిసి, చూసీ చూడనట్టు లోపలికి పోయెటోణ్ణి.

అగో గప్పుడొచ్చింది కాయితం. చర్చికి వచ్చేటోళ్లను, రానోళ్లను గూడ అడుగుమన్నరు. ఎండకాలం, తునికాకు టైమ్, జనమంతా అడివిల ఉంటరు, ఎవర్ని అడుగుత అనుకున్న. అది సాకు. అసలు సంగతి ఏందంటే, ఈళ్లకేం తెలుసు, నాకు తెల్వందా అని. ఫ్యాన్ కింద కూసొని తొమ్మిది గూడేల జవాబులు నేనే రాసిన. నా తెలివి చూడు, ఒక గూడేనికి నీలం పెన్ను, ఒక గూడేనికి నల్ల పెన్ను. "మా విశ్వాసులు భక్తిశ్రద్ధలతో జీవించుచున్నారు, ఎట్టి లోటును లేదు." ముత్యాల్లాంటి అక్షరాలని పేరు గదా నాకు.

కొత్తగ వచ్చిన ఫాదర్, చిన్న వయసాయన, అన్ని తిరగేసి చూసిన్రు. తొమ్మిది గూడేలల్ల తొమ్మిదిట్ల భక్తిశ్రద్ధలే ఉన్నయి. "ఉపదేశి గారూ, ఎవ్వరికి ఏ లోటు లేకపోతే మార్తమ్మ గడప బయట ఎందుకు కూసుంటది?" అన్నరు. ఆయన కోపం చెయ్యలే, ఖాళీ కాయితాలు చేతిల పెట్టి, మొదలు ఆమె ఇంటికే పొమ్మన్నరు.

పోయిన. తునికాకు కట్టలు కడుతున్నది. నీళ్లిచ్చింది. బిషప్పులకు ఏమన్న చెప్పేదుందా అక్కా అంటే నా మొకం దిక్కు చూసి, నీ మాట రాస్తవా, నా మాట రాస్తవా అన్నది. నీదే రాస్త అన్న. కట్ట పక్కన పెట్టింది.

"ఇచ్చినోనికి చూపెట్టకుండ కొత్త పంట తింటే అది దొంగతిండి అని మా అమ్మ నేర్పింది. ఇచ్చినోడు యేసు సామే అని నువ్వు నేర్పినవ్. ఆయనకు చూపెడదామంటే మీ చర్చిల కొత్తకు జాగ లేదు. నన్నేం చెయ్యమంటరో బిషప్పులనే చెప్పమను."

రాసిన. ఒక్క అక్షరం మార్చలే. నా ముత్యాల అక్షరాలు వంకర్లు పోయినయి. వేలిముద్ర అక్కర లేదక్కా అన్నా వినలే, వేసింది.

ఏడాది దాటినంక సమాఖ్య నుంచి పుస్తకం వచ్చింది. అండ్ల ఆమె పేరు లేదు, మీ గూడెం పేరు లేదు. ఏయే అడవుల నుంచి ఎందరి మాటలు పోయినయో ఏమో. అడివి జనం పంట పండుగలల్ల దేవునికి దండం పెట్టుకునే గుణం ఉన్నది, దాన్ని కొట్టిపారేయొద్దు, ఏ బిషప్పుకు ఆ బిషప్పు తన జనంతోని కూసొని మాట్లాడి దారి చూడాలె అని ఉన్నది. ఆర్డర్ కాదు, సలహానే. మన బిషప్పు గారు ఆ సలహా పట్టుకొని గూడేనికే వచ్చిన్రు, మీ వాకిట్ల చాప మీద కూసున్నరు. కొత్త పంట ముందు పూజల దేవుని ముంగట పెట్టండి, తర్వాత మీవాళ్లతోని కలిసి తినండి, చుట్టరికం తెంపుకోమని ఏ సువార్తల లేదు అన్నరు.

ఆ యేడు మోదుగాకు దొప్ప నిండ చిక్కుడుకాయ తెచ్చింది. గడప కాడ ఆగిపోయింది. ఆరేండ్ల అలవాటు గదా కాళ్లకు. నేను పోయి, "అక్కా, తప్పు నాది, లోపలికి రా" అన్న. అందరి ముంగటనే అన్న, అప్పుడు అన్నది గూడ అందరి ముంగటనే గదా. ఆమె మాఫీ గీఫీ ఏమనలే. దొప్ప నా చేతిల పెట్టి, పట్టుకో, కొంగు సర్దుకుంట అన్నది. నువ్వు ఆ కొంగు పట్టుకునే ఉన్నవ్, గింత పిల్లవు.

చిక్కుడుకాయ పూజ మన చర్చిల ఎప్పటి సందో ఉన్నదనుకుంటున్నవ్ గదా? లేదు బిడ్డా. మీ నాయనమ్మ ఆరేండ్లు ఎండకు వానకు బయట కూసుంటే వచ్చింది. ఆమె పోయినంక నిన్ను ఉపదేశిగ చేసిన దినం నేను ఇంటికొచ్చి ఏడ్చిన. సంబురంతోనే ఏడ్చిన.

అరే, నువ్వేంది, కండ్లు తుడుసుకో. కోపముంటే తిట్టు, పడత. ఈ కాయితంల మొదటి పేరు నాదే రాయి, నేను చేసింది చేసినట్టు రాయి, బిషప్పులు సదవనీ. నీ అక్షరాలు కోడి గీకినట్టుంటయి, ఏం ఫర్వాలే. దేవుడు నిన్ను సల్లగ చూడాలె తల్లీ. పో, ఎండ ముదరక ముందే పో. పొయ్యేటప్పుడు ఏ ఇంట్ల ఎవరు గడప బయట కూసున్నరో జర చూసుకుంట పో...