చౌడమ్మ అంచు, గిరిగాని ఫార్మాటు

గిరిగాడని ఒకడుండె. టౌన్లో బస్టాండు ఎనకాల కంప్యూటర్లు బాగుచేసే అంగడి వానిది. బాగుచేసేదంటే ఏమనుకుంటిరి, వానికి తెలిసింది ఒకటే మందు. నీలం తెర పడిందా, ఫార్మాటు. సతాయిస్తాందా, ఫార్మాటు. పాట రాలేదా, దానికీ ఫార్మాటే. ఉన్నదంతా తుడిచిపారేసేది, కొత్త విండోస్ ఏసేది, బండెక్కి పోయేది. తలనొప్పని పోతే తలకాయ తీసేసే వైద్యుడు అనుకో. వాని పేరు తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతాది. ఎందుకు మండుతాదో చెప్తా, ఆ ఫ్యాను కొంచెం ఇట్ల తిప్పు.

మా వీధిలో చౌడమ్మ ఉండాది గదా, పట్టుచీరలకు డిజైన్లు గీసే చౌడమ్మ. మొగుడు ఓబులేసు మగ్గం నేస్తాడు, ఈయమ్మ కంప్యూటర్లో గళ్లు గళ్లుగా బొమ్మ గీస్తాది. ఆ గళ్లను బట్టి అట్టలకు బొక్కలు కొట్టేది, ఆ అట్టలు మగ్గం మీదుండే జకార్డు పెట్టెలో తిరిగితే చీరకు అంచు పడేది. చౌడమ్మ వాళ్లమ్మ ఈరమ్మ వయసులో ఉన్నప్పుడు నేసిన చీర ఒకటుండె, జొన్నకంకుల అంచు. అట్లాంటి అంచు ఇంకెవురి దగ్గరా లేదు. ఈరమ్మ మంచం పట్టినప్పుడు చౌడమ్మ ఆ చీరను ఒళ్లో పెట్టుకోని, పోగు పోగు లెక్కబెట్టి, రెండు నెల్లు కూచోని అంచంతా కంప్యూటర్లోకి ఎక్కించింది. తర్వాత ముసలామె పోయింది. ఆ చీరే కట్టి సాగనంపినారు, చీరా ఆమెతోనే కాలిపోయింది. అట్టలింకా కొట్టియ్యలేదు. అంటే ఆ అంచు భూమ్మీద యాడన్నా ఉండాదంటే ఆ డబ్బాలోనే ఉండాది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఏమైందంటే, దసరా వచ్చింది. ఆయుధపూజ. ఆ పొద్దు మాకు మగ్గానికీ, నాడెకూ, ఆసుకూ, కత్తెరకూ, అన్నిటికీ పసుపూ కుంకుమా. మరి కంప్యూటరు ఏం పాపం చేసింది, అదీ అన్నం పెట్టేదే గదా. దాన్ని ఆపకుండా, తెర మీద చౌడేశ్వరమ్మ పటం పెట్టి, పూలేసి, టెంకాయ కొట్టి, పూజ చేసినారు. మర్సటి పొద్దు మీట నొక్కితే మూడుసార్లు కీచుకీచుమనె. ఆపి మళ్లీ ఏస్తే లేసె, లేసిన రెండు నిమిషాలకు నీలం తెర పడె. మళ్లీ ఏస్తే మళ్లీ అదే. ఓబులేసు ఫోన్ చేస్తే గిరిగాడు వచ్చినాడు.

నేనూ ఆడనే గడప కాడ కూచోనుంటి. "కింద పడేసినారా, లోపలికి ఏమన్నా పోయిందా" అని అడిగినాడు. లేదంటే లేదంటిమి అందరం. అడిగినోడు మూత తీసి చూసుకోవాల్నా వద్దా? చూడలేదు. విండోస్ పాడైపోయిందంట, పాతదాని మీదనే సరిజేస్తాడంట, పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చి కూచున్యాడు. నూటికి ముప్పైఏడు కాడికి పోయింది, నిల్చిపోయింది. మళ్లీ మొదట్నుంచి. ఈసారి పన్నెండుకే నిల్చిపోయింది. మళ్లీ మొదట్నుంచి. అరవై కాడ నిల్చింది. ఏమప్పా, అదే పెన్‌డ్రైవ్, అదే డబ్బా, తూరికొక కాడ నిల్చిపోతాంటే లోపల ఇంకేందో రోగముండాదని చదువురాని నాకే అనిపిస్తాంది, వానికి అనిపించొద్దా? మా ఇంట్లో నుంచి తెచ్చిన చెక్కిలాలు మాత్రం తట్ట ఖాళీ చేసినాడు. చేసి, "ఇంక ఫార్మాటే క్కా, అన్నీ పోతాయి" అన్యాడు.

చౌడమ్మ చెప్పింది, "దాంట్లో మా అమ్మ అంచు ఉండాది, ఇంకెక్కడా లేదు" అని. వాడేమన్నాడో తెల్సా? "ఇంకోటి గీసుకో క్కా, బొమ్మే గదా." బొమ్మే గదా అన్యాడు. ఓబులేసన్నా ఏమన్నా అంటాడేమో అనుకుంటి. వాడేమో, "కానీ మే, ఆర్డర్లు నిల్చిపోయినాయి, ఏదో ఒకటి కానీ" అనె. ఇద్దర్నీ ఒకే చెప్పుతో కొట్టాలనిపించింది నాకు. గిరిగాడు మీట మీద ఏలు పెట్టినాడు. చౌడమ్మ లేసింది, గోడకున్న వైరు పట్టి ఒక్క గుంజు గుంజింది. తెర చీకటైపోయింది. "ఏమప్పా గిరీ, మగ్గంలో అంచు తప్పు పడితే అట్టలు కాల్చేస్తామా మేము? ముందు జకార్డు సూదులు దులుపుతాం, యాడ దుమ్ము పట్టిందో చూస్తాం. నువ్వు వచ్చి రెండు గంటలైంది, మూత తీసినావా?" అనింది. అరవలేదు. మెల్లగా అనింది, దాంతో వాడు ఇంకా జంకినాడు.

మగ్గానికి వాడే స్క్రూడ్రైవరు తెచ్చి తనే మూత ఊడదీసింది. ఊడదీస్తే ఏముండాది, లోపలంతా ఎర్రగా కుంకుమ! ఫ్యాను రెక్కల నిండా, సందుల నిండా. డబ్బా ఆడతాంటే గాలి లోపలికి పీల్చుకుంటాదంట, చల్లిన కుంకుమంతా మింగేసింది. చౌడమ్మ సూదులు దులిపే కుచ్చుతో దులుపుతాంటే గిరిగాడు గొంతులోనే, "ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాల క్కా" అన్యాడు. "రుద్దు" అనింది. పలక ముక్కంత బిళ్లది, బళ్లో పిలకాయల రబ్బరు పెట్టి వాడే రుద్దినాడు, రుద్ది మళ్లీ గుచ్చినాడు. కీచుమనలేదు. ఆగిపోయిన పని మళ్లీ మొదలుపెడితే నూటికి నూరూ పోయింది. జొన్నకంకులు తెర మీద వరసగా నిలబడినాయి. చౌడమ్మ వాటినే చూస్తా, "నువ్వింక పోయి రాప్పా" అనింది వాన్ని. వారం తిరక్కుండా అట్టలు కొట్టించింది.

ఆ పొద్దు పోతా పోతా గిరిగాడు అడిగినాడు, "ఇంత కుంకుమ ఎవురు పోసినారు క్కా" అని. ఓబులేసు తన చేతులు చూసుకున్యాడు, పిచ్చోడు, తనే అనుకున్యాడు. మొగున్ని తిట్టిపోసింది చౌడమ్మ. నేను కిక్కురుమన్లేదు. వీధిలో పూజ తట్ట పట్టుకోని ఇల్లిల్లూ తిరిగింది ఎవురనుకుంటిరి? నేనే. డబ్బా ఎనక బొక్కలుంటే దిష్టి పోవాలని పిడికిటినిండా ఆడ కొట్టింది నేనే. లోపలికి ఏమన్నా పోయిందా అని వాడడిగినప్పుడు లేదన్నదీ నేనే.

మళ్లీ దసరా వచ్చింది. తట్ట పట్టుకోని పోతి. చౌడమ్మ ఎదురొచ్చి, తట్టలో కుంకుమ నా ఏలికి తనే అద్ది, కంప్యూటరు ముందు కూచోబెట్టి, "ఒక్క బొట్టు చాలు పెద్దమ్మా" అనింది. అంతే అనింది. నా పనేనని ఎప్పుడు తెలిసిందో ఏమో, తెలిసుండీ ఏడాదంతా నన్నొక్క మాటన్లేదు. గిరిగాని మీద మండేది సగమే అప్పా. ఆయమ్మ నన్ను తిట్టకపోయె చూడు, ఆ మంట ఇంకా సల్లారలేదు.