అసెంబ్లీలో అప్ప పేరు

"కూకో అప్పా, ముందు కూకో. తిట్టేదేదో కూకుని తిట్టొచ్చు."

"తిట్టడానికి రాలేదురా."

"తిట్టడానికి కాకపోతే ఈ ఎండలో పరవాడ నుంచి బస్సెక్కి వత్తావేటి? మొహం సూత్తే తెలీదా? కన్నబాబూ! అప్పకి మజ్జిగ తే. పచ్చిమిరగాయ ఎయ్యకు. ఇప్పటికే నా మీద కారాలూ మిరియాలూ నూరుకుని వచ్చింది."

"ఒరే సన్నాసీ, నాను సెప్పేది ఒక్క ముక్క ఇను."

అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు పోయే రోడ్డు మీద, మేడపైన, ఎమ్మెల్యే సన్యాసిరావు ఆఫీసు. వచ్చినామె అతని తోడబుట్టిన అక్క అప్పలకొండమ్మ. పరవాడ పక్క పల్లెలో వరి మడి చేసుకుని బతికే మనిషి. కిందటి నెల అసెంబ్లీలో తాను మాట్లాడిన మాటల గురించే వచ్చిందని అతనికి గట్టి నమ్మకం. అందుకే ఆమెను నోరెత్తనివ్వకుండా తానే ఎత్తుకున్నాడు.

"ఇంటానప్పా, ఇంటాను. కానీ ముందు నన్ను తిట్టుకోనీ. నువ్వు తిడితే లోపలికంటా దిగిపోద్ది. నన్ను నేను తిట్టుకుంటే కొంచెం సులువు. టీవీలో సూసేవు కదా?"

"సూసేను."

"ఎలగున్నాను?"

"కళ్ళజోడు బాగుంది."

"అది మీ ఊరి భూములడుగుతన్న కంపినీవోళ్ళు కొనిచ్చిందే. అక్షరాలు ఆనట్లేదంటే మర్నాటికల్లా పంపించేరు. కళ్ళజోడు ఆళ్ళది, కాయితం ఆళ్ళది, కాయితంలో మాటలు ఆళ్ళవి. నాదని సెప్పుకోడానికి నోరొక్కటే ఉంది. అదైనా నాదేనా అని ఇప్పుడు అనుమానమొత్తంది."

"బస్సులో నీ గురించే సెప్పుకుంటన్నారు."

"ఏటంటన్నారు?"

"సన్నాసోడు, సన్నాసోడు అంటన్నారు."

"పేరు పెట్టి అంటన్నారా, తిడతన్నారా?"

"అదే నాకూ తెలీలేదు."

"నాయన పెట్టినప్పుడు ఆలోసించాల్సింది. సూడప్పా, ఎమ్మెల్యే అయి రెండేళ్ళయ్యింది. అప్పటిదాకా సభలో నేను సేసిన పనేటంటే సెయ్యెత్తడం, సెయ్యి దించడం. ఎప్పుడెత్తాలో ముందు బెంచీ ఆయన్ని సూసి ఎత్తేవోణ్ణి. ఒకసారి ఆయన నెత్తి గోక్కుంటే నేనూ సెయ్యెత్తేసేను. అలాటోడికి మాటాడే అవకాశమొచ్చిందంటే, నా గొప్ప సూసి ఇచ్చేరనుకున్నావా?"

"మరేల ఇచ్చేరు?"

"బిల్లు వచ్చేది మన వేపు భూములు తీసుకోడం కోసం. మన వేపోడి నోటంట రావాల. అంతే."

"ఆ బిల్లెవులు రాసేరురా? గవర్మెంటేనా?"

"మజ్జిగ తాగు."

"తాగుతాను. ఎవులు రాసేరు?"

"భీమిలి దగ్గిర పెద్ద హోటల్లో అవగాహన సదస్సని పెట్టేరప్పా. సముద్రం ఎదురుగా. నాలాటోళ్ళం ఓ పాతికమందిమి ఎల్లేం. టై కట్టుకున్న కంపినీ కుర్రోడొకడు తెర మీద బిల్లంతా సూపించి, 'ఇది మీరు తెత్తన్న చట్టం సార్' అన్నాడు. మేం తెత్తన్నామా అని ఒకల మొహాలొకలం సూసుకున్నాం. తరవాత సభలోకి అదే వచ్చింది. కామా కూడా మారలేదు."

"మారలేదని నీకెలా తెలుసు? సదివేవా?"

"పక్కోడు సెప్పేడు."

"నువ్వు సదవలేదా?"

"హోటల్లో రొయ్యలు బాగున్నాయప్పా."

"ఛీ."

"అదీ. ఆ మాట నువ్వు అంటావనే ముందు నేనే అనుకున్నాను. అద్దంలో సూసుకుని రోజూ పొద్దున్న అనుకుంటన్నాను. నీ నోట అంత బాగా పలకట్లేదు."

"ఏళాకోళాలాపు. అందులో ఏటుందో ఇప్పుడైనా తెలుసా?"

"ఇప్పుడు తెలుసు. ఊళ్ళో భూములున్నోళ్ళలో ముప్పావు వంతు మంది భూములిత్తామని సంతకాలు పెట్టేత్తే, ఇంక ఊరి సభ పెట్టక్కర్లేదు. మిగిలినోళ్ళని ఎవులూ అడగక్కర్లేదు."

"అంటే, షామియానా ఏసి, ఆఫీసర్లని కూకోబెట్టి, మా సేతికి మైకిచ్చి, మీకిష్టమా కాదా అనడిగే సభ..."

"ఇంక లేదు. బిల్లు పాసయిపోయింది."

"మైకు మా సేతిలోంచి తీసి నీకిచ్చేరన్నమాట."

"అంత బాగా ఆ కుర్రోడు కూడా సెప్పలేదప్పా."

"కాదనకూడదా? నోరు లేదా నీకు?"

"ఇందాక సెప్పేను కదా, నోరు మీద అనుమానముందని. ఎలచ్చన్లలో తిరిగిన వేన్లు ఎవులివనుకున్నావు? డీజిలెవులిది? జెండాలు, టోపీలు, బిర్యానీ పొట్లాలు? అభిమానులు పెట్టుకుంటన్నారని నాకు సెప్పేరు. నన్ను అంతమంది అభిమానిత్తన్నారని నేను నమ్మేసేను. గెలిసిన మర్నాడు ఆ అభిమానులందరూ ఒకే కారులోంచి దిగేరు. నువ్వు ఓటెయ్యడానికి ఎక్కిన ఆటో కూడా ఆళ్ళదే."

"నాను నడిసెల్లేను."

"నియోజకవర్గం మొత్తమ్మీద నువ్వొక్కర్తివే అప్పా."

"సరే గానీ, నాను సెప్పేది..."

"ఉండుండు. అసలు సంగతి ఇంకా రాలేదు. నువ్వు దానికే వచ్చేవని తెలుసు."

"ఒరే, నీకేటీ తెలీదురా."

"నీ పేరు గురించి కాదూ?"

"అదీ ఉంది."

"సూసేవా. నాకు తెలుసు."

"అడుగుతాను. సభలో నా పేరెత్తేవు. ఆళ్ళకి నా పేరెవులు సెప్పేరు?"

"ఫేను పెంచనా? సెమట పట్టేసింది నీకు."

"ఎవులు సెప్పేరురా?"

"నేనే."

"నువ్వేనా?"

"బోయినాల కాడ ఆ కుర్రోడు పక్కన కూకున్నాడు. 'పరవాడ వైపు మీ బంధువులెవరైనా ఉన్నారా సార్' అన్నాడు. మా అప్ప ఉంది అన్నాను. 'ఆవిడ పేరు?' అన్నాడు. అప్పలకొండమ్మ అన్నాను. భూముందా అంటే, కాలవ కింద బంగారంలాంటి మడుంది, మా నాయన అప్పకే రాసిచ్చేడు అన్నాను. ఎంత మర్యాదగల కుర్రోడు, ఇంట్లోవోళ్ళ కుశలమడుగుతన్నాడు అనుకున్నానప్పా. నీ చేతి కోడికూర గురించి కూడా సెప్పేను. అదొక్కటీ కాయితంలో రాయలేదు."

"కాయితం ముందు సదూకోలేదా?"

"సభలోకి ఎల్లబోతుంటే సేతిలో పెట్టేరు. సదూతా పోయేను. పరిశ్రమలు, ఉద్యోగాలు, మన యువత... అంతా బాగానే పోతంది. బల్లలు సరుత్తన్నారు. నా గొంతు నాకే ముద్దొచ్చేసింది. ఇంతలో కింద నీ పేరు కనిపించింది."

"కనిపిత్తే ఆగొచ్చు కదా."

"ఆగేనప్పా! నిజంగా ఆగేను. 'నా సోదరి శ్రీమతి అప్పలకొండమ్మ తన భూమిని సంతోషంగా రాష్ట్ర ప్రగతికి అప్పగించారు' అని అప్పటికే నోట్లోంచి వచ్చేసింది. వచ్చేసినాక ఆగేను. నువ్వు కళ్ళ ముందు మెదిలేవు. కళ్ళలో నీళ్ళొచ్చేయి. అందరూ నా నటన సూసి బల్లలు ఇరగ్గొట్టేసేరు."

"అది నటన కాదా?"

"కాదు. నా జనమలో సభలో సేసిన నిజమైన పని అదొక్కటే. అక్కడితో అయిపోతే బాగుణ్ణు. కళ్ళలో నీళ్ళు, అక్షరాలు అలుక్కుపోయేయి. కింద ఏటుంటే అది సదివేసేను. 'ఇక్కడ గొంతు తగ్గించాలి' అని సదివేసేను."

"అదేటి?"

"ఎలా మాటాడాలో నాకోసం రాసుకున్న ముక్కప్పా. పైకి సదవకూడదు. నేను దేవుడి బొమ్మకి దండం పెట్టినట్టు సేతులు జోడించి, గట్టిగా 'ఇక్కడ గొంతు తగ్గించాలి' అన్నాను. ఎనకాల బెంచీ ఆయన 'తగ్గించండి సార్, మరీ గట్టిగా ఉంది' అన్నాడు."

"నవ్వేరా?"

"సభంతా. నేనూ నవ్వేను. నవ్వక ఏడిస్తే మళ్ళీ బల్లలు సరుత్తారని భయం."

"మా ఊళ్ళో ఎవులూ నవ్వలేదురా. నవ్వొచ్చే ముక్క టీవీవోడు ఎయ్యలేదు. నా పేరు సెప్పిన ముక్కే ఏసేడు. పొద్దున్న ఓసారి, మద్దేనం ఓసారి. టిఫిను కొట్టు కాడ అందరం సూసేం. నా పక్కన సత్తియ్య ఉన్నాడు. భూములివ్వం అని మేం ఏసిన ధర్నా టెంటుకి ఎదురు బొంగులిచ్చింది ఆడే కదా. నా మొహంలోకి సూసి, 'ఏటమ్మా, నువ్వు ముందే ఇచ్చేసి మాసేత దీచ్చ సేయిత్తన్నావా' అన్నాడు."

"నువ్వు లేదని సెప్పలేదా?"

"సెప్పేను. ఎన్ని దేవుళ్ళ మీద ఒట్టెయ్యాలో అన్ని దేవుళ్ళ మీదా ఏసేను. 'నీ తమ్ముడు అసెంబ్లీలో అబద్ధం సెప్తాడా' అన్నారు."

"ఆళ్ళకి నా మీద అంత నమ్మకమా!"

"నీ మీద కాదురా. అసెంబ్లీ మీద."

"ఆ... అదీ కరెట్టే."

"మర్నాడు టెంటులో ముగ్గురాడోళ్ళం మిగిలేం. ఆ పైన నాను ఒక్కర్తినే. పక్కింటి దేవుడమ్మ నాతో నూతికాడ మాటాడ్డం మానేసింది. కంపినీవోడు ఇంటింటికీ తిరిగేడు. ఒకటే మాటంట: 'ఎమ్మెల్యేగారి అక్కగారే ఇచ్చేశారు, మీరేల ఎనకాడతారు?' అని. అప్పుడు నాను..."

"ఆగప్పా. సాలు. ఇంక సెప్పకు."

"అసలు ముక్క సెప్పలేదురా ఇంకా."

"సార్!"

"ఏటి కన్నబాబూ? మాటాడుతన్నాం కదా."

"కంపెనీ ఆయన లైన్లో ఉన్నారు సార్. సోమవారం సభలో ఇంకో బిల్లుందంట. మీరు మాటాడాల్సింది పంపించేరంట. ఈసారి పైకి సదవకూడనివి ఎర్ర రంగులో ఏసేరంట."

"నేను లేనని సెప్పు."

"ఉన్నారని సెప్పేసేను సార్."

"అయితే ఉన్నాడు గానీ నోరు పనిసెయ్యట్లేదని సెప్పు."

"అదెలా సెప్తాను సార్?"

"పోనీ, ఫోను పెట్టెయ్."

"కంపెనీ ఫోనా సార్? పెట్టెయ్యాలా?"

"పెట్టెయ్యరా బాబూ! తలుపు కూడా ఏసుకునెల్లు. అప్పా, నువ్వు నవ్వకు."

"నవ్వట్లేదురా. నువ్వు ఆళ్ళ ఫోను పెట్టేయించడం మొదటిసారి సూత్తన్నాను."

"నాకూ మొదటిసారే. ఫోను పెట్టేసింది కన్నబాబు, భయం నాకు. ఇలాటోణ్ణి నువ్వు సంకనెత్తుకు తిప్పేవు."

"తిప్పేను. అప్పుడూ పిరికోడివే. కుక్క మొరిగితే నా ఎనకాలకి దూరేవోడివి."

"ఇప్పుడూ నీ ఎనకాలకే దూరేనప్పా. నీ పేరు ముందెట్టి, ఎనకాల దాక్కుని మాటాడేను. ఊరు నిన్ను ఎలేసింది. నేనిక్కడ ఫేను కింద కూకుని నామీద నేనే జోకులేసుకుంటన్నాను. ఏటంటే, నేనే ముందు నవ్వేత్తే ఇంకెవులూ ఏటీ అనలేరు కదా అని."

"నాకు తెలుసు."

"తెలిసీ ఇంటా కూకున్నావేల మరి?"

"నా తమ్ముడివి కాబట్టి."

"అప్పా, సోమవారం సభలో లేత్తాను."

"ఏటికి?"

"కాయితం లేకండా లేత్తాను. ఈ కళ్ళజోడు ఇక్కడే పడేసి ఎల్తాను. 'మా అప్ప భూమి ఇవ్వలేదు. నేను సెప్పింది అబద్ధం. ఆ మాటలు కంపినీవోళ్ళు రాసిచ్చేరు, ఆ బిల్లూ ఆళ్ళే రాసేరు, నేను సదివేసేను' అని సెప్పేత్తాను. టీవీలో వత్తాది. సత్తియ్య సూత్తాడు, దేవుడమ్మ సూత్తాది. ఊరు మళ్ళీ నీ టెంటులోకి వత్తాది."

"మైకు ఆపేత్తారు."

"అరుత్తాను. గొంతు తగ్గించను."

"బయటికి లాగేత్తారు."

"లాగనీ. బయట కూడా కెమెరాలుంటాయి."

"వచ్చేసారి టికెట్టు ఇవ్వరు."

"ఇవ్వరు. వేన్లుండవు, డీజిలుండదు. నువ్వు నడిసెల్లి ఓటేసినట్టు, నేను నడిసెల్లి అడుక్కుంటాను. భయం లేదని కాదప్పా. అయినా సెప్తాను. జనమకొక్కసారి నా నోరు నాదనిపించుకుంటాను."

"నిజంగా సెప్తావా?"

"నీ మీద ఒట్టు."

"ఒట్టెయ్యకురా. సెప్పకు."

"ఏటి?"

"సభలో లెగవకు. ఆ మాట సెప్పకు."

"ఇదేటి మాటప్పా? దాని కోసమే కదా నువ్వొచ్చేవు!"

"దాని కోసమని నువ్వనుకున్నావు. వచ్చిన కాడినుంచీ నన్ను నోరిప్పనిచ్చేవా? సత్తియ్య పెట్టేసేడురా సంతకం. దేవుడమ్మ పెట్టేసింది. ముప్పావు వంతు కిందటి వారమే దాటిపోయింది. నా మడి సుట్టూ ఇప్పుడు కంపినీ భూమే. కాలవ అటే పోయింది, గట్టు అటే పోయింది. మడిలోకి నీళ్ళు రావు, నానెల్లడానికి దారి లేదు. అడుగుదామంటే ఊరి సభ లేదు."

"అయితే ఏటంటావప్పా?"

"ఈ పొద్దున్నే నానూ సంతకం పెట్టేసి, తిన్నగా బస్సెక్కి నీకు సెప్పడానికి వచ్చేను. ఇప్పుడు నువ్వు సభలో లేచి మా అప్ప ఇవ్వలేదన్నావనుకో, అదేరా అబద్ధం."