నడుం మీద చెయ్యి

బేస్తవారిపేట దగ్గరి ఒక ఊళ్లో, గొర్రెల దొడ్డి పక్కన మంచం మీద ఓ గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు. క్యాన్సరుకు మూడో కీమో చేయించుకుని ముందురోజే తిరిగి వచ్చాడు. ఉడికిన గుడ్లు వొలుస్తూ అతని భార్య ఎదురుగా కూర్చుంది.

“నాకొద్దే. గుడ్డు వేడి చేస్తది. మందు వాడేటప్పుడు పథ్యం ఉండాల. చారన్నం చాలు.”

“పథ్యం పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పలేదా మామా? కండ ఇంకా కరిగితే ఒళ్లు మందుకు తట్టుకోదంట. వచ్చే కీమో ఆపాల్సొస్తదని చెప్పింది.”

“కండ యాడ కరిగింది? కాటా మీద బరువు తగ్గలేదు గదా!”

“సంతలో కాటా చూసి పొట్టేలును కొంటావా నువ్వు?”

“యాడ కొంటా? కడుపు నిండా నీళ్లు తాపి తోలుకొస్తారు దొంగనాయాళ్లు. నడుం మీద చెయ్యి పెట్టి కండ చూడాల.”

“నీ కాళ్లకూ నీరు దిగింది. కాటా దాన్నీ కలిపి తూచింది. ఏదీ, ఆ చెయ్యి ఇట్లియ్యి.”

ఆమె అతని చేతిని అతని నడుం మీదనే పెట్టింది. ఎన్ని జీవాలనో నిజాయితీగా అంచనా కట్టిన ఆ వేళ్లు, తమ యజమాని కోసం కూడా అబద్ధం చెప్పలేకపోయాయి.

“ఏం తగిలింది మామా?”

“ఎముకే తగులుతోందే.”

“కొంటావా ఈ పొట్టేలును?”

“ఊరికే ఇచ్చినా తోలుకుపోను.”

“నేనైతే అమ్మను. మేపుకుంటా.”

అతను గుడ్డు కోసం చెయ్యి చాచాడు.

“అయితే కొంచెం ఉప్పు చల్లి ఇయ్యి. తిన్నాక ఈ పొట్టేలును దొడ్డిలోకి తోలుకుపో.”