చర్చిగంట కొట్టిన బంతి

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీ అందరికీ తెలుసు," అన్నారు దశరథ్ గారు, ఫ్లాస్కు మూతలోకి టీ ఒంపుకుంటూ.

మాకెవరికీ ఆ సంగతి తెలియదు. మాకు తెలిసిందల్లా ఆయనది కాకినాడ దగ్గర ఊరనీ, జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కార్ల ఇంజినీరనీ, ఆయన నోట్లో ఆవగింజ పడితే గుమ్మడికాయై బయటికొస్తుందనీ. అయినా ఆదివారం క్రికెట్‌కి ఆయన రాకపోతే మాకు ఆడబుద్ధి కాదు. ఆయన బౌలింగ్ కంటే ఓవరుకీ ఓవరుకీ మధ్య చెప్పే కోతలే మాకు ముఖ్యం.

అది 2020 జూన్. పదిమంది దాకా బయట కలవచ్చని అప్పుడే ఒప్పుకున్నారు. ఆదివారం దాకా ఆగలేక శనివారమే పార్కులో చేరాం. గోల్‌పోస్టు పక్కన రాయి మీద కొబ్బరికాయ కొట్టి, టేపు చుట్టిన టెన్నిస్ బంతికి బొట్టు పెట్టి, మార్చి తర్వాత మొదటి మ్యాచ్ ఆడాం. కుక్కని తిప్పుకుంటున్న జర్మన్ ముసలాయన ఆగి, పగిలిన కాయని చూసి, మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. ధీరజ్‌కి ఇంకా పరిగెత్తితే ఆయాసం వస్తోందని తెల్లటోపీ పెట్టి అంపైర్ని చేశాం.

ఆట అయ్యాక దూరం దూరంగా దుప్పట్లు పరుచుకుని కూర్చున్నాం. ధీరజూ వాళ్ళమ్మ వెంకటరమణమ్మ గారూ ఒక దాని మీద, దశరథ్ గారూ ఆయన భార్య గిరిజ గారూ ఇంకోదాని మీద, మాస్టర్స్ చదువుకునే నేను, అంటే సాయి తేజ, ఒక్కణ్ణీ ఒకదాని మీద. మిగతా వాళ్ళు రైలు టైమైందని వెళ్ళిపోయారు.

గిరిజ గారు ఆ రోజు పులిహోర తెచ్చిన స్టీలు డబ్బా మూత మీద చెయ్యేసి, "పిన్నిగారూ, ఏప్రిల్‌లో శనివారం శనివారం నేను పంపిన పులిహోర ఎలా ఉండేదండీ? ధీరజ్‌కి అప్పుడు నోటికి తెలిసేదా?" అని అడిగారు.

ఇక్కడ సంగతి చెప్పాలి. కొడుకుని చూద్దామని వెంకటరమణమ్మ గారు ఫిబ్రవరిలో వచ్చారు. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయారు. ఏప్రిల్‌లో ధీరజ్‌కి కరోనా వచ్చింది. భాష రాని ఊళ్ళో, రెండో అంతస్తులో, తల్లీకొడుకులిద్దరే తలుపేసుకుని ఉండాల్సి వచ్చింది. మేం తెలుగువాళ్ళం రోజుకొకరు వంతులేసుకుని గుమ్మం ముందు భోజనం పెట్టి, బెల్లు కొట్టి దిగిపోయేవాళ్ళం. శనివారం వంతు దశరథ్ గారిది. గిరిజ గారు వేంకటేశ్వరస్వామికి నైవేద్యం పెట్టిన పులిహోర డబ్బాలో సర్ది ఆయన చేతికిచ్చేవారు.

వెంకటరమణమ్మ గారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. ఆవిడ మాట బయటికి రాకముందే దశరథ్ గారు అందుకున్నారు.

"పులిహోర మాట అలా ఉంచు గిరిజా. పులిహోర తింటే రోగం పోతుందా? అసలు మా ధీరజూని లేపిందెవరో మీకెవరికైనా తెలుసా? చెబుదామా వద్దా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఏప్రిల్‌లో ఎలా ఉండేదో గుర్తుందా, పార్కులో బెంచీ మీద కూర్చుంటే పోలీసొచ్చి లేపేసేవాడు, కానీ ఒంటరిగా వ్యాయామం చేసుకుంటానంటే ఏమీ అనేవాడు కాదు. వీడు మంచం పట్టాడని విన్నాను. ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. స్వామీ, వడమాల వేయిద్దామంటే గుళ్ళు మూసేశారు, వచ్చి ప్రదక్షిణాలు చేద్దామంటే విమానాలు ఆపేశారు, నా చేతిలో ఉన్నది ఈ బంతొక్కటే, మా వాడు మళ్ళీ గ్రౌండులో అడుగుపెట్టేదాకా రోజూ నూట ఎనిమిది బంతులేస్తాను, బంతికోసారి నీ పేరు తలుచుకుంటాను, అన్నాను. అంతే. ఇందులో గొప్పేముంది, చెయ్యున్నవాడెవడైనా వేస్తాడు."

"మంచి మొక్కే నాయనా," అన్నారు వెంకటరమణమ్మ గారు. ఆవిడ పమిట చెంగు మాస్కు మీద అడ్డం పెట్టుకున్నారు. నేను భక్తి అనుకున్నాను.

ఆ మాటతో ఆయనకి ఊపొచ్చింది.

"మొదటి రోజు ఒక కర్ర పాతుకుని దానికేసి వేశాను. రెండో రోజుకి కర్ర విరిగిపోయింది. ఇంకో కర్ర ఎందుకులే అని, అదిగో ఆ చివర గడ్డిలో పసుపుపచ్చ పువ్వు కనిపిస్తోందే, అలాంటిదాన్ని గురిపెట్టాను. ఊరికే కొట్టడం కాదు సాయి తేజా, బంతికో రేకు చొప్పున రాలేది, కాడ కదిలేది కాదు. అందులో నా ప్రతాపమేం లేదు, స్వామి దయ. ఒకరోజు నేనిలా పువ్వుని కొడుతుంటే పోలీసు కారొచ్చి ఆగింది. వాడు తాటిచెట్టంత ఉన్నాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. నేను జర్మన్‌లో వాడికి హనుమంతుడెవరో, సముద్రం ఎందుకు దాటాడో, మొక్కంటే ఏమిటో మొత్తం వివరంగా చెప్పాను."

"మీకు బేకరీలో రెండు రొట్టెలు కావాలని అడగడమే రాదు కదండీ," అన్నారు గిరిజ గారు.

"రొట్టెకి భాష కావాలి గిరిజా, భక్తికెందుకు? వాడు కథంతా విని టోపీ తీసేశాడు. నాకూ ఒక బంతి వెయ్యవయ్యా అన్నాడు. బ్యాటేదీ అంటే లాఠీ తీశాడు. వేశాను. పిడి చేతిలోనే ఉంది, లాఠీ ఊడి ఎటో పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు వైర్‌లెస్‌లో ఏదో మాట్లాడాడు, అరగంటలో స్టేషను మొత్తం దిగింది. మనిషికీ మనిషికీ మధ్య ఒకటిన్నర మీటరు వదిలి, ఇక్కణ్ణించి నది వంతెన దాకా వరస కట్టారు. క్రమశిక్షణ అంటే వాళ్ళదే. ఒక్కొక్కడికీ ఒక్కో బంతి. ఒక్కడంటే ఒక్కడు ఆపలేదు. ఆపలేనివాడల్లా జై హనుమాన్ అనాలని రూలు పెట్టాను. ఆ మాటకి వాళ్ళ గుర్రాలు కూడా సకిలించాయి."

"గుర్రాలెక్కణ్ణించి వచ్చాయి?" అన్నాను.

"స్టేషను మొత్తం దిగిందన్నానా లేదా? ఆఖరికి పెద్దాఫీసరు వచ్చాడు. ఛాతీ ఇంత. లాఠీ లేదు, బారికేడ్ కర్ర పీకి పట్టుకున్నాడు. నాకు మిగిలింది నూట ఎనిమిదో బంతి. కళ్ళు మూసుకుని, మా ధీరజూ మొహం తలుచుకుని వదిలాను. ఆ బంతి వాడి కాళ్ళ సందులోంచి దూరింది. ఆగితే చెప్పుకోవడానికేముంది? గడ్డి దాటింది, రోడ్డు దాటింది, డోనావ్ నది మీద నీటిచుక్క తగలకుండా ఆ ఒడ్డుకెళ్ళింది, కోట దగ్గర సిగ్నలు ఎర్రగా ఉందని కాసేపు గాల్లో ఆగింది..."

"ఆగిందా?"

"జర్మనీలో ఎవరైనా ఆగాల్సిందే. పచ్చలైటు పడ్డాక పాతూళ్ళోకి తిరిగి, జంట గోపురాల చర్చి పైకెక్కి, పెద్దగంటని కొట్టింది. ఠంగుమంది. ఊరు ఊరంతా కిటికీలు తెరిచింది. ఇదేం వేళ, ఇదేం గంట అని పాదిరి పరిగెత్తుకొచ్చాడు. గంట మీద చూస్తే బొట్టు. మన బంతి బొట్టే. ఆయన ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టాడు. ఏ దేవుడికైతేనేం, గంట మోగితే చాలు. ఇక అసలు సంగతి వినండి. ఆ చప్పుడు గాల్లో కలుస్తున్న క్షణాన, ఇక్కడ వీడి వేలికి పెట్టిన మిషన్‌లో ఆక్సిజన్ ఎనభై ఎనిమిది ఉన్నది తొంభై అయింది, తొంభై ఐదు అయింది, వంద అయింది, అక్కడా ఆగలేదు, నూట రెండు!"

"వందకి పైన ఉండదు కదండీ అందులో," అన్నాను.

"మామూలు వాళ్ళకి ఉండదు. మొక్కున్న వాళ్ళకి పైన రెండు కొసరు."

నేను దుప్పటి మీద దొర్లి దొర్లి నవ్వాను. గిరిజ గారు నుదురు కొట్టుకుంటూ నవ్వారు. ధీరజ్ మాత్రం టోపీ కిందనుంచి ఆయన్నే చూస్తూ, "అన్నా, ఆ గంట ఏ రోజు మోగింది?" అని నెమ్మదిగా అడిగాడు.

"శనివారం. స్వామి ఇంకే రోజు వింటాడురా?"

"ఎన్నింటికి?"

"ఎండ నడినెత్తిన ఉంది. పన్నెండున్నర."

గిరిజ గారు నవ్వు ఆపారు. "శనివారం పన్నెండున్నరకి మీరు వీళ్ళింటికి పులిహోర ఇవ్వడానికి వెళ్ళేవారు కదండీ?"

దశరథ్ గారు టీ తాగారు. మూతలో టీ అప్పటికే అయిపోయింది. "అదే... ఇచ్చేసి... అటునుంచి అటే పార్కుకి..."

ధీరజ్ లేచి నిలబడ్డాడు. అంపైర్ టోపీ సరిచేసుకుని, చూపుడువేలు మెల్లగా పైకెత్తాడు.

నాకింకా అర్థం కాలేదు. దశరథ్ గారికి అర్థమైంది. ఆయన మొహంలో రంగు దిగిపోవడం అంత దూరం నుంచి కూడా కనిపించింది.

"మా కిటికీకి ఎదురుగా, రోడ్డవతల నీ నీలం కారు ఆగేదన్నా," అన్నాడు ధీరజ్. "డోరు తెరిచేవాడివి. ఒక కాలు కింద పెట్టేవాడివి. మా కిటికీ వైపు చూసేవాడివి. కాలు లోపలికి లాగేసుకుని డోరు వేసేసుకునేవాడివి. కాసేపటికి మళ్ళీ తెరిచేవాడివి. నేను మంచం మీంచి చూస్తుండేవాణ్ణి."

గిరిజ గారు భర్త వైపు తిరిగారు. "డబ్బా ఖాళీగా తెచ్చేవారు కదా మరి?"

జవాబు వెంకటరమణమ్మ గారు చెప్పారు.

"ప్రసాదం పారెయ్యకూడదు, వెనక్కి తీసుకెళ్ళకూడదు. ఏం చేస్తాడమ్మాయ్ పాపం, కారులో కూర్చుని కళ్ళకద్దుకుని తినేసేవాడు. ఇద్దరికి సరిపడా నువ్వు పెడితే ఒక్కడూ తినలేక ఆయాసపడేవాడు. ఒకసారి నీళ్ళు తెచ్చుకోలేదు కాబోలు, వెక్కిళ్ళు పట్టుకున్నాయి. వెక్కడం, ముద్ద పెట్టుకోవడం, మళ్ళీ వెక్కడం. నేను పరదా పట్టుకుని ఏడుస్తున్నాను, పక్కనే కొడుకు ఊపిరందక ఎగరోజుతున్నాడు, కింద మన అనుకున్నవాడు పైకి రాలేక కూర్చున్నాడు అని. అప్పుడు వీడు నవ్వాడు. మంచం పట్టాక వాడు నవ్వడం అదే మొదలు. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వాడు. ఆ పైన శనివారం వస్తోందంటే పొద్దుటినుంచే దిండ్లు ఎత్తుగా పెట్టించుకునేవాడు."

ఆవిడ దశరథ్ గారి వైపు తిరిగి, "నువ్వు రాలేదని నేనెప్పుడూ అనుకోలేదు నాయనా. వచ్చావు. పైకి రాలేదు, అంతే," అన్నారు.

ఆవిడ తిట్టి ఉంటే దశరథ్ గారు ఏదో ఒక కోత కోసి బయటపడేవారు. ఆ మాటకి మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గడ్డి పరక ఒకటి పీకి, దాన్నే చూస్తూ ఉండిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. నేను అంతకుముందు నవ్విన నవ్వుకి నాకే సిగ్గేసింది. నిజానికి నా వంతు రోజున నేనూ బెల్లు కొట్టి, తలుపు తెరుచుకునేలోపు మెట్లన్నీ ఒక్క పరుగున దిగిపోయినవాణ్ణే. ఎలా ఉన్నారమ్మా అని కింద నిలబడి ఒక్క కేకైనా వేయలేదు. ఆ కిటికీలోంచి నా వీపు కూడా కనిపించే ఉంటుంది.

"నాకు చెప్తే నేను వెళ్ళి ఇచ్చేదాన్ని కదండీ," అన్నారు గిరిజ గారు. ఆవిడ గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది.

"నువ్వు వెళ్తావనే చెప్పలేదు," అన్నారాయన గడ్డి వైపు చూస్తూ. "భయమేసింది గిరిజా. నీకొస్తే ఏం చెయ్యనని ఒకసారి. నాకొస్తే ఏమవుతుందని ఒకసారి. వచ్చేవారం దిగుదాం అనుకునేవాణ్ణి."

కొబ్బరికాయ కొట్టిన రాయి దగ్గర కాకి ఒకటి వాలి చెక్కని పొడుస్తోంది.

ధీరజ్ టోపీ తీసి పక్కన పెట్టాడు. "అన్నా, ఒకటడుగుతాను. నిజం చెప్పు. నాకు అప్పుడు రుచీ లేదు, వాసనా లేదు. నువ్వు కళ్ళకద్దుకుని తింటుంటే, ఎలా ఉందో అని ఒకటే అనుకునేవాణ్ణి. ఎలా ఉండేది ఆ పులిహోర?"

మేమందరం ఆయన వైపు చూశాం. పోపు ఘుమఘుమకి మ్యూనిక్ దాకా రైళ్ళు ఆగిపోయాయని అంటారనుకున్నాను. అనాలని కూడా నాకు గట్టిగా అనిపించింది.

దశరథ్ గారు తలెత్తారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"తెలీదురా. సిగ్గుతో తింటే రుచి తెలీదు."

ధీరజ్ దుప్పటి అంచు దాకా జరిగాడు.

"అయితే ఆ పులిహోర ఎలా ఉంటుందో మనిద్దరికీ తెలీదన్నమాట. వదినా, డబ్బా తెరవండి. ఇద్దరికీ పెట్టండి."